కొత్త టీచరు వాటా

మా ఊరి టీ బడ్డీ దగ్గర పేకాట లేదు, కోడిపందేలు లేవు. కొత్త టీచర్ల మీద పందేలు ఉన్నాయి. కోటబొమ్మాళి ఆటోలోంచి కొత్త టీచరు దిగడం ఆలస్యం, ఆవిడ ఎన్నాళ్ళుంటుందన్న దాని మీద టీలు, బజ్జీలు కాసేస్తారు.

మా ఊరు అంటున్నాను గానీ పుట్టుకతో నాది కాదు. భావనపాడుకు కాస్త ఇవతల, సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. పేరెందుకులెండి, చెబితే అక్కడికి మరో శిక్షణ బృందం వస్తుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. ఊరికి పెద్ద టీచరమ్మను. సిన్న టీచరమ్మలు వచ్చేవారు, పోయేవారు. ఒకామె దీర్ఘకాలిక సెలవు పెట్టింది. ఒకామె డిప్యుటేషను సంపాదించింది. మరొకామె నడుము నొప్పి సర్టిఫికెట్ తెచ్చింది. ఆ నడుముతోనే మా ఊరి ఇసకలో ఆటో వెనకాల ఎంత వేగంగా పరిగెత్తిందో నేను కళ్ళారా చూశాను.

ఈ పందేలకు పెద్ద, పెద్ద వల యజమాని. ఊళ్ళో అందరూ ఆయన్ని మావ అంటారు. పిల్లనిచ్చిన మామగారు కూడా పొరపాటున మావ అనేశాడని చెప్పుకుంటారు. టీచరు ఆటో దిగగానే ఈయన ముందు కాళ్ళు చూస్తాడు, తరవాత సంచీ చూస్తాడు, ఆ తరవాత ముక్కు చూస్తాడు. అప్పుడు గడువు ప్రకటిస్తాడు. ఇంతవరకూ తప్పలేదు.

"ఇది శుద్ధ మూఢనమ్మకం" అన్నాను నేను ఓసారి.

"మూఢనమ్మకం నువ్వు సూడనిదాన్ని అను. నాను సూసి సెప్తన్నాను గదా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎందుకంటే అది నిజం. మా నాన్న నన్ను చిన్నప్పుడే విజయనగరంలో చర్చాసభలకు తీసుకెళ్ళేవాడు. ఎదుటివాడు గొంతు సవరించుకునేలోపు ప్రశ్న వెయ్యడం అక్కడే నేర్చుకున్నాను. పరిశీలన ఏది, అంచనా ఏది, రుజువు ఏది అని నేను జ్యోతిష్కులను వేదికల మీద నిలదీసేదాన్ని. ఒక్కరూ చూపించలేకపోయారు. చివరికి ఆ మూడూ చూపించినవాడు టీ బడ్డీ దగ్గర బీడీ కాలుస్తూ దొరికాడు.

పోయిన కార్తీకానికి కొంచెం ముందు ఇంకో అమ్మాయి వచ్చింది. శ్రీకూర్మం వైపు పిల్ల. తాతలనాటి నుంచి గుడిలో సంగీత సేవ చేసే కుటుంబం. నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టిన వాసన మధ్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, తెల్లటి కొత్త చెప్పులతో దిగింది.

మావ కాళ్ళు చూశాడు, సంచీ చూశాడు, రుమాలు చూశాడు. "కార్తీకం దాటదు" అన్నాడు.

"దాటుతుంది. ఒక ప్లేటు బజ్జీలు" అన్నాను. పందెం కాయడం హేతువాదమా అని అడగకండి. ఒక ప్రతిపాదనను సవాలు చేశాను, అంతే.

మొదటిరోజు భోజనాల దగ్గర ఆ అమ్మాయి నాతో మెల్లగా అంది. "మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తిథి చూసి వండుతారు మేడమ్." నేను తిథుల మీద ఉపన్యాసం మొదలుపెట్టబోయి, పిల్ల మొహం చూసి పప్పు కలుపుకున్నాను.

ఉద్యోగం ఎలా ఉంటుందో తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. మా హాజరు ఫోనులో మొహం చూపించి వేసుకోవాలి. బడి దగ్గర సిగ్నలు ఉండదు. అందుకని పక్కనున్న తుఫాను షెల్టరు డాబా ఎక్కి, ఫోను పట్టుకున్న చెయ్యి ఆకాశానికి ఎత్తి, అది కనికరించేదాకా నిలబడతాం. నేను దేవుణ్ణి నమ్మను. కానీ ఆ డాబా మీద నన్ను చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు.

అది చిన్న బాధ. పెద్ద బాధ పెద్ద వల. పడవ మీద వెళ్ళి సముద్రంలో వల చుట్టూరా వేసి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఊరంతా రెండు జట్లుగా నిలబడి లాగుతుంది. వల సంచి ఒడ్డుకు చేరేటప్పటికి తాడు మీద ఎవరి చెయ్యి ఉంటే వారికి చేపల్లో వాటా. పెద్దవాళ్ళకు నిండు వాటా, పిల్లలకు అర వాటా. ఇంక బడిలో ఎవరుంటారు? వల పడిన రోజున ఆ అమ్మాయి జ్వరం వచ్చిన పిల్లకీ, కాలు బెణికిన పిల్లాడికీ ఎక్కాలు చెప్పేది. కాలు బెణికినవాడు కూడా కిటికీలోంచి కుంటి కాకిలా సముద్రం వైపే చూసేవాడు.

ఆ రోజుల్లోనే మాకు కోటబొమ్మాళిలో శిక్షణ పెట్టారు. కొత్త టీచర్లు ఉద్యోగాలు వదిలి పోతున్నారట, కనుక వాళ్ళలో తట్టుకునే శక్తి పెంచాలట. పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు తళతళలాడే బూట్లు వేసుకుని, తెర మీద సూర్యోదయం బొమ్మ చూపించాడు. కళ్ళు మూసుకోమన్నాడు. గాలి పీల్చమన్నాడు. తరవాత తలా ఒక బెలూను ఇచ్చి, మన బాధ దాని మీద పెన్నుతో రాసి, ఊది, పగలగొట్టమన్నాడు.

హాలంతా టపటపమంది. బాంబులనుకుని కింద టీ తెచ్చే అతను మెట్ల మీదే ఆగిపోయాడు.

నేను చెయ్యెత్తాను. "బెలూను పగిలింది సార్. బాధ ఎటు పోయింది?"

"మనసులోంచి పోతుంది మేడమ్."

"మా బడికి సిగ్నలు లేదని రాశాను. ఇప్పుడు వచ్చేసి ఉంటుందా?"

"అది... అది సింబాలిక్ మేడమ్."

"మరి మాకిచ్చే సిగ్నలు కూడా సింబాలిక్‌గానే ఉందండి."

పక్కనున్న కొత్త టీచరు నవ్వింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి. నేను మరీ ఉత్సాహపడ్డాను. తట్టుకునే శక్తి అంటే ఏమిటండీ, బస్తా మోసేవాడికి బరువు తగ్గించకుండా మెడకి నూనె రాయడమా అని అడిగాను. భోజన విరామం పది నిమిషాల ముందే ఇచ్చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. విజయనగరంలో బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. ఇంట్లో అందరూ చేరిపొమ్మంటున్నారు. "నాకు పిల్లలకి చెప్పడం ఇష్టం మేడమ్. ఆ పని కోసమే చదివాను. కానీ చెప్పడానికి పిల్లలుండాలి కదా. శనివారం మీకు ఏ సంగతీ చెబుతాను."

ఉండు అనలేదు నేను. అనడానికి నా దగ్గర కారణం ఏమీ లేదు. బ్యాంకులో ఏసీ ఉంటుంది. ఖాతాదారులు వల లాగడానికి పారిపోరు.

బుధవారం వల పడింది. తరగతి ఖాళీ. ఈసారి ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది. తెల్ల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఒడ్డుకు నడిచింది. వెనకే నేనూ, మధ్యాహ్న భోజనం వండే ఆవిడా వెళ్ళాం. తాడు చివర నాలుగో తరగతి పిల్ల ఒకతి వేలాడుతోంది. లోకంలో ఎవరికీ భయపడని పిల్ల అది.

"వదులు! బడికి పద!" అని కొత్త టీచరు తాడు పట్టుకుని గుంజింది.

ఆ పిల్ల వదిలేసింది. టీచరు చేతిలో తాడు మిగిలింది.

వదలబోయింది గానీ ముందున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. "ఓలమ్మా, ఒగ్గీకమ్మా! వల సంచి దగ్గిరకొచ్చీసింది! లాగు, లాగు!"

"నేను టీచర్నండీ!"

"అయితే ఏటి, సేతులు నేవా? లాగు!"

లాగింది. నాలుగో తరగతి పిల్ల పక్కనే నిలబడి చప్పట్లు కొడుతూ "కాలు యెనక్కెయ్యి టీచర్, యెనక్కి!" అని పాఠం చెప్పింది. వల సంచి ఒడ్డుకు చేరేసరికి టీచరు చీర మోకాళ్ళ దాకా తడిసి, మొహం నిండా ఇసక. మావ వాటాలు వేయించాడు. ఒక నిండు వాటా, నెత్తళ్లూ రెండు సావళ్లూ కలిపిన కుప్ప, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర పడింది.

అది కార్తీక మాసం. కొత్త టీచరు తినేది ఒంటిపూట. కాళ్ళ దగ్గర వెండిలా ఎగిరిపడుతున్న చేపలు. "నాకొద్దు! మేం తినం!" అని వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

కుప్ప అక్కడే ఉండిపోయింది. ఎవరూ ముట్టలేదు. మా వంట ఆవిడ కూడా ముట్టలేదు, ఇంటికి పట్టుకెళ్ళమని నేను చెప్పినా. "ఆ వాటా టీచరమ్మది. నానెలా ముడతాను?" కాకులు మాత్రం ఏ ఆచారమూ అడగలేదు.

మర్నాడు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. వల పడలేదు. వాటా కాదన్న మనిషి మళ్ళీ వచ్చి ఆ లెక్క తేల్చేదాకా వల వెయ్యకూడదట. దాంతో ఏమయిందంటే, ఆ రోజు బడి నిండిపోయింది. కాలు బెణికినవాడు నడిచే వచ్చాడు. ఇలాంటి హాజరు నేను ఆ బడిలో ఎన్నడూ చూడలేదు. కొత్త టీచరు మొహం వెలిగింది. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది.

నాలుగో తరగతి పిల్ల లేచి నిలబడింది. "టీచర్, ఈయేళ మా ఇంట్లో కూర నేదు. మీ వల్లే."

సుద్దముక్క కింద పెట్టేసి ఆ అమ్మాయి వరండాలోకి వచ్చింది. "శనివారం దాకా ఎందుకు మేడమ్. నేను వెళ్ళిపోతాను. ఇవాళే నాన్నకు చెప్పేస్తాను."

నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. ఒక మంచి టీచరు ఒక చేపల కుప్ప మీద గుడ్డి నమ్మకానికి బలి కావడమా? సాయంత్రం బడి వదిలాక మావ పాక దగ్గరికి బయలుదేరాను. నువ్వూ రా, సామాను తరవాత సర్దుకోవచ్చు అని ఆ అమ్మాయిని కూడా లాక్కెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు, మా వంట ఆవిడ, అందరూ అక్కడే ఉన్నారు. మంచి సభ. నాకు అలాంటివి ఇష్టం.

"ఎవరు పెట్టారు ఈ రూలు?" అన్నాను.

"మా తాతలు."

"ఏం కారణం చెప్పారు?"

"మా తాతని కారణం అడగడానికి అప్పుడు నాకు నీ అంత నోరు నేదమ్మా."

ఆడవాళ్ళు నవ్వారు. నేను తగ్గలేదు. "ఆ అమ్మాయి చేపలు తినకపోతే సముద్రానికి తెలుస్తుందా? సముద్రానికి కోపం వస్తుందా? కళ్ళున్నాయా దానికి?"

"సముద్రానికి ఈ గొడవెందుకమ్మా. దాని పని దానికి నేదేటి?"

"మరి వల ఎందుకు ఆపావు?"

ఈసారి వంట ఆవిడ అందుకుంది. "ఒగ్గీసిన వాటా ఎవులు తీసుకోవాలి సెప్పండి? నా సిన్నప్పుడు ఇలగే ఒక కుప్ప ఒగ్గీస్తే, అది నాదంటే నాదని రెండు జట్లూ కొట్టీసుకున్నాయి. మా అయ్య సెయ్యిరిగింది. అప్పటి నుంచి వాటా కాదంటే, ఆ మడిసి వచ్చి ఇది పలానోళ్ళకి ఇస్తన్నాను అని సెప్పాల. సెప్పేదాకా వల పడదు."

"చూశారా!" అన్నాను విజయోత్సాహంతో. "ఇందులో దేవుడు లేడు, సముద్రం లేదు. మీరు మీరు కొట్టుకుంటారన్న భయం ఒక్కటే ఉంది!"

"నాననలేదు గదా దేవుడున్నాడని" అన్నాడు మావ. "నువ్వే తెచ్చినావు ఆయన్ని."

వాదన నేను గెలిచాను. వల మాత్రం ఒడ్డునే ఉంది.

అప్పుడు ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "వాటా నాదే. నేను ఒప్పుకుంటున్నాను. తినను, కానీ తీసుకుంటాను. తీసుకుని ఎవరికివ్వాలో చెబుతాను. తప్పా?"

"తప్పేటి? అదే గదా అడిగింది. ఒప్పుకున్నావు గాబట్టి రేపు వల పడతాది, ఎవులికిస్తావో ఒడ్డున అందరి ముందూ సెప్దువు" అన్నాడు మావ.

"అయితే నాదొక ప్రశ్న. నిన్న నేను తాడు పట్టుకున్నాను కదా. పిల్లలు లాగడం లేదు. తాడే పిల్లల్ని లాగుతోంది."

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. "గుంటలు లాగడమేటమ్మా! గబ్బిలాల్లా యేలాడతారు. కాళ్ళకడ్డం."

"మరి వాటా ఎందుకిస్తున్నారు?"

"తాడు మీద సెయ్యున్నాది గదా. ఇయ్యకపోతే ఆళ్ళ అమ్మ ఊరుకుంటాదేటి?"

ఆ అమ్మాయి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మా ఇంట్లో సంగీత సేవ వంతుల మీద నడుస్తుంది. మా నాన్న వంతు వచ్చిన రోజున నా పేరు మీద కూడా ఇంటికి ప్రసాదం వచ్చేది. నేనప్పుడు ఇంత పిల్లని. గుడికి వెళ్ళేదాన్ని కూడా కాదు. ఇంట్లో కూర్చుని తాళం నేర్చుకునేదాన్ని. నేర్చుకునేవాళ్ళకి వాటా ఉంటుంది మా దగ్గర. లేకపోతే రేపు పాడేవాళ్ళెవరు?" మావ వైపు తిరిగింది. "పిల్లల వాటా వాళ్ళకి ఉండనివ్వండి. తాడు మీద చెయ్యి అక్కర్లేదు. బడిలో ఉంటే చాలని పెట్టండి."

నా పరిస్థితి ఊహించండి. గుడిలో వంశపారంపర్య వంతుల మీద, పుట్టుక చూసి పంచే ప్రసాదాల మీద నేను రాసిన వ్యాసాలన్నీ కట్టకడితే ఆ పాక కప్పుకి సరిపోతాయి. ఇదిగో, ఆ వంతులే నా బడికి పిల్లల్ని తెచ్చిపెట్టబోతున్నాయి. సిద్ధాంతం సిద్ధాంతమే. నేను నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా కొంగు పట్టుకుని వెనక్కి గుంజింది. ఎంత బలంగా గుంజిందంటే, తాడు లాగడం ఒక్కరోజులోనే బాగా వంటబట్టిందనుకున్నాను. నోరు మూసుకున్నాను.

మావ బీడీ ఆర్పాడు. "బళ్ళో ఉన్నాడో, జీడితోటలో ఉన్నాడో నాకెలా తెలుస్తాది?"

"వాటాలు వేసేటప్పుడు నేను ఒడ్డుకి వస్తాను. ఆ రోజు ఎవరు బడికి వచ్చారో నేనే పలుకుతాను."

"నువ్వు పలుకుతావు. ఎన్నాళ్ళు?"

ఆ ప్రశ్నకి వలల మీద ఆడుతున్న చేతులు కూడా ఆగాయి.

"నువ్వెలిపోయాక ఎవులు పలుకుతారు? ఈ పెద్ద టీచరమ్మ పలికితే పేరుకొక ఉపన్యాసం ఇస్తాది, సేపలు కుళ్ళిపోతాయి." ఆయన నిట్టూర్చాడు. "నువ్వు కార్తీకం దాటవని నానే పందెం కాసీసినాను తల్లీ."

"పందెమా? నా మీదా?"

"టీచర్లందరి మీదా కాస్తాం. నీ ఒక్కదాని మీదే అనుకోకు."

"ఎంత?"

"ప్లేటు బజ్జీలు."

"ప్లేటు బజ్జీలేనా!" అంది. ఆ పిల్ల మొహంలో నిజమైన అవమానం అప్పుడే చూశాను. చేపల వాసన, ఖాళీ తరగతి, సిగ్నలు, ఇవేవీ అంత నొప్పించినట్టు లేవు. గిరుక్కున నా వైపు తిరిగింది. "మీరు కూడా కాశారా మేడమ్?"

"కాశాను. ఉంటావని."

"ఎవరెవరు ఉంటానని కాశారు?"

వంట ఆవిడ చెయ్యెత్తింది. ఇద్దరమే.

ఆ అమ్మాయి తల దించుకుని కాసేపు ఇసకలో బొటనవేలితో గీత గీసింది. విజయనగరం బ్యాంకు, ఏసీ, సోమవారం, అవన్నీ ఆ గీతకి అటు పక్క ఉన్నాయని నాకు తెలుసు. నేను మాట్లాడలేదు. నా జీవితంలో అతి కష్టమైన మౌనం అది.

"నాదొక ప్లేటు" అంది చివరికి. "ఉంటాననే. ఉల్లిపాయ వెయ్యకూడదు."

మావ నోరు తెరుచుకుని చూశాడు. "పందెం గుర్రం తన మీద తనే కాసుకుంటాదేటే!"

"కాయకూడదని మీ తాతలు చెప్పారా?" అంది.

ఇంటికి వెళ్ళే ముందు షెల్టరు డాబా ఎక్కి, చెయ్యి ఆకాశానికెత్తి, సిగ్నలు దొరికాక వాళ్ళ నాన్నకు ఫోను చేసింది. కింద నుంచి నాకు సగమే వినిపించింది. "లేదు నాన్నా... తినను, తినను... వాటా మాత్రమే." ఆ సంభాషణ చాలాసేపు సాగింది. బ్యాంకు కన్నా చేపల సంగతి చెప్పడమే కష్టమైందని తరవాత నవ్వింది.

శుక్రవారం వల పడింది. బడి వదిలాక వాటాల దగ్గర ఆమె నిలబడి ఆ రోజు బడికి వచ్చిన పిల్లల పేర్లు పలికింది, మావ ఒక్కొక్కరికీ అర వాటా వేయించాడు. తన పాత వాటా బదులు మావ కొత్త కుప్ప పెట్టాడు. దాన్ని ప్లాస్టిక్ సంచీలో వేయించి, చెయ్యి ఎంత చాస్తే అంత దూరంగా పట్టుకుని, మొహం పక్కకి తిప్పి, "ఇది వంట ఆవిడకి ఇస్తున్నాను" అని ఊరందరూ వినేట్టు ప్రకటించింది. వంట ఆవిడ సంచీ అందుకుంది.

అంతా చక్కబడిందని చెప్పను. మొదటివారమే ఒకడు లేని తమ్ముడికి కూడా తనే హాజరు పలికాడు. ఇంకొకడు బడికి వచ్చి పేరు చెప్పించుకుని గోడ దూకాడు. చేప కోసం బడికి రావడం చదువా అని నన్ను నేనే అడుగుతుంటాను. కానీ నేను కూడా చిన్నప్పుడు సభలకి వాదన కోసం వెళ్ళలేదు, ఆఖర్న ఇచ్చే బిస్కెట్ల కోసం వెళ్ళాను. వాదన ఆ తరవాత అంటుకుంది.

ఒక్కటి మాత్రం నిశ్చయంగా అంటాను. కొత్త టీచరులో ఏదో శక్తి తక్కువైందని, దాన్ని బయటి నుంచి గాలిలా ఊదాలని అనుకునేవాళ్ళు ఊదుకోవచ్చు. ఆ అమ్మాయిలో శక్తికి లోటు లేదు. నా కొంగుని అడగండి. ఆ ఊళ్ళో ఆమెకు వాటా లేదు, అంతే. వాటా పెట్టాక ఆమె లేనిదే ఒడ్డు లెక్క తేలదు. లెక్కలో ఉన్న మనిషిని పొమ్మనడం సులువు కాదు. పోవడమూ సులువు కాదు.

కార్తీకం దాటింది. మావ బజ్జీలు ఇప్పించాడు, ఉల్లిపాయ లేకుండా. ఇలాంటి బజ్జీ బజ్జీయేనా అని సణుక్కుంటూ తనూ రెండు తిన్నాడు.

ఆ తరవాత ఒకరోజు కోటబొమ్మాళి ఆటోలోంచి మా శిక్షకుడు దిగాడు. మా బడి హాజరు పెరిగిందని ఎవరో చెప్పారట, వీడియో తీసుకుంటాడట. కొత్త టీచరు ముందు ఫోను పెట్టి అడిగాడు. "ఇక్కడ నిలదొక్కుకోవడానికి మీరు వాడిన పద్ధతి ఏమిటి మేడమ్?"

"బెలూన్లు సార్" అంది, మొహంలో ఒక్క గీత కదలకుండా.

ఆయన ఎంత మురిసిపోయాడో చెప్పలేను. ఇంకా ఏమైనా చూస్తాను, రేపటిదాకా ఉంటాను అన్నాడు. అప్పటికే టీ బడ్డీ దగ్గర మావ ఆయన బూట్ల వైపు చూస్తున్నాడు. మేం అటు వెళ్ళేసరికి గడువు ప్రకటించబోతున్నాడు.

ఆ అమ్మాయి తడి ఇసక అంటిన, ఒకప్పుడు తెల్లగా ఉండిన చెప్పులతో బెంచీ మీద కూర్చుంది. "ఆగండి మావా" అంది. "ఈ పందెం నన్ను ముందు కాయనివ్వండి."